పాత కారులో ఇగ్నిషన్ స్విచ్ కాలుతుంటే: మార్చే ముందు చేయవలసిన పరీక్షలు

మే నెలలో ఒక మధ్యాహ్నం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వస్తూ ట్రాఫిక్‌లో చాలాసేపు నిలిచిపోయినప్పుడు, నా 1977 నాటి అంబాసిడర్ డాష్‌బోర్డు వెనక నుంచి కమురు వాసన వచ్చింది. బండిని పక్కకు తీసి ఆపుదామని తాళంచెవి పట్టుకుంటే వేళ్లకు చురుక్కుమంది. ఎండలో తిరిగే కారులో లోహమన్నది వేడిగానే ఉంటుంది కాబట్టి మొదట పెద్దగా పట్టించుకోలేదు. కానీ దాని పక్కనే ఉన్న చోక్ నాబ్ గోరువెచ్చగా ఉండి, తాళంచెవి మాత్రం పట్టుకోలేనంతగా కాలుతున్నదంటే ఆ వేడి ఎండది కాదు, తాళంచెవి తిప్పే ఇగ్నిషన్ స్విచ్ లోపల పారే కరెంటుది.

మరునాడు ఒక ఎలక్ట్రీషియన్‌కు చూపిస్తే, "స్విచ్ మార్చేస్తే అయిపోతది సార్, ఇరవై నిమిషాల పని" అని కొత్తది బిగించాడు. మూడు వారాలు తిరగకముందే అదే వాసన మళ్లీ వచ్చింది. అప్పుడు మీటరు పట్టుకుని నేనే కూర్చుని వెతికితే, పాత స్విచ్‌లో పెద్ద దోషమేమీ లేదనీ, దాని నెత్తిన పెట్టిన బరువు (అంటే దాని గుండా లాగే కరెంటు), దాని వెనక సరిగా బిగించని వైర్లు కలిసి దాన్ని కాల్చాయనీ తేలింది. ఇక్కడ చెప్పబోయే పద్ధతి ఆ వెతుకులాటలో కుదురుకున్నదే. ఉదాహరణగా అంబాసిడర్‌ను తీసుకున్నాను గానీ ప్రీమియర్ పద్మినికీ, స్టాండర్డ్ హెరాల్డ్‌కూ, పాత జీపుకూ ఇదే వర్తిస్తుంది. వైర్ల రంగులు, టెర్మినళ్ల గుర్తులు మాత్రమే మారతాయి.

వేడి పుట్టే తీరు

స్విచ్ లోపల రెండు లోహపు ముఖాలు స్ప్రింగు బలంతో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఆ ముఖాలు శుభ్రంగా, గట్టిగా ఆనినంత కాలం వాటి మధ్య నిరోధం దాదాపు సున్నా. ఏళ్ల తరబడి దుమ్ము, చెమ్మ తగిలి చిలుము పట్టినా, స్ప్రింగు పట్టు సడలినా, ఆ నిరోధం ఓంలో పదో వంతుకు చేరవచ్చు. అది చాలా చిన్న సంఖ్యలా కనిపిస్తుంది. అయితే పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 0.1 ఓం నిరోధం గుండా 4 ఆంపియర్లు పారితే పుట్టేది 1.6 వాట్లు, స్విచ్ దాన్ని ఏ ఇబ్బందీ లేకుండా గాలిలోకి వదిలేస్తుంది. అదే నిరోధం గుండా 14 ఆంపియర్లు పారితే దాదాపు 20 వాట్లు పుడతాయి. రేడియో రిపేరు చేసేవారు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంటే సీసాన్ని కరిగించే పరికరానికి దగ్గరగా వచ్చే వేడిని గుప్పెట్లో పట్టే స్విచ్ లోపల బంధించి ఉంచినట్టు.

పైగా ఈ జబ్బు తనను తానే పెంచుకుంటుంది. వేడికి స్ప్రింగు మెత్తబడి పట్టు ఇంకా తగ్గుతుంది, ఇత్తడి త్వరగా నల్లబడుతుంది, నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి మరింత పెరుగుతుంది. అందువల్లనే మొదట నెలకోసారి వచ్చే వాసన చివరికి రోజూ వస్తుంది. ఎప్పుడో ఒకసారి వేడెక్కింది కదా, మళ్లీ మామూలైపోయింది కదా అని వదిలేయకూడదనడానికి ఇదే కారణం.

ఇక కరెంటు ఎక్కడి నుంచి పెరుగుతుందో చూద్దాం. ఈ కార్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు తాళంచెవి గుండా పోయే బరువు చాలా తక్కువ. స్పార్కు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కు, డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుని మూసుకునే పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు సుమారు 4 ఆంపియర్లు, వైపరు తిరిగేటప్పుడు మరో రెండు మూడు, బ్రేకు దీపాలు రెండూ వెలిగితే మూడున్నర, మీటర్లకు లెక్కలోకి రానంత కొద్దిగా. ఇవన్నీ ఒకేసారి నడవడం కూడా అరుదు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి పాత కారును నిత్యం వాడాలనుకునేవారు డాష్‌బోర్డు కింద ఏసీ యూనిట్ వేయించుకుంటారు. దాని బ్లోయర్‌కు ఎనిమిది పది ఆంపియర్లు, కంప్రెసర్ క్లచ్‌కు మూడు నాలుగు, కండెన్సర్ ముందు పెట్టే విద్యుత్ ఫ్యానుకు మరో పది దాకా కావాలి. ఆ పైన స్టీరియో, ఫోన్ చార్జరు. తాళంచెవి తీయగానే ఇవన్నీ ఆగిపోవాలి కాబట్టి, బిగించేవారు సులువైన దారి చూసుకుని అన్నింటినీ స్విచ్ వెనక ఉన్న ఒకే మరకు చుట్టేస్తారు. స్విచ్ మీద కేసు పెట్టే ముందు ఈ చుట్టాలందరినీ ఒకసారి లెక్క పెట్టుకోవాలి.

పనిముట్లు, జాగ్రత్తలు

ఒక డిజిటల్ మల్టీమీటర్, 21 వాట్ల బల్బుతో చేసుకున్న టెస్ట్ ల్యాంపు, ఒక టార్చి, మరలు విప్పే పనిముట్లు ఉంటే ఈ పరీక్షల్లో చాలా భాగం పూర్తవుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో మల్టీమీటర్లు దొరుకుతాయి. ఆటో వైరు, లగ్గులు (వైరు చివర నొక్కే లోహపు కొసలు), రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్‌లు), ఫ్యూజ్ హోల్డర్లకు రాణీగంజ్ వెళ్లడం మేలు. క్లాంప్ మీటరు కూడా కొనదలచుకుంటే అది బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటును కొలుస్తుందో లేదో దుకాణంలోనే అడిగి చూసుకోవాలి. ఇళ్ల వైరింగ్ పనికి వాడే చవక రకాలు ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటును మాత్రమే కొలుస్తాయి. వాటిని కారు వైరుకు తగిలిస్తే ఎంత కరెంటు పారుతున్నా సున్నా చూపిస్తాయి. మల్టీమీటర్‌ను వైరు మధ్యలో కలిపి ఆంపియర్లు కొలిచే పని ఇక్కడ పెట్టుకోవద్దు. చాలా మీటర్ల పరిమితి 10 ఆంపియర్లే, మన అనుమానం అంతకన్నా పెద్దది.

మరొక సంగతిని గట్టిగా చెప్పాలి. బ్రిటిష్ కంపెనీ లూకాస్ పద్ధతిలో వైరింగ్ చేసిన కార్లలో బ్యాటరీ నుంచి స్విచ్‌కు వచ్చే గోధుమ రంగు వైరుకు గానీ, స్విచ్ నుంచి కాయిల్‌కూ ఫ్యూజ్ బాక్సుకూ పోయే తెల్ల వైరుకు గానీ ఫ్యూజ్ ఉండదు. ఫ్యూజ్ బాక్సు దాటి ఆకుపచ్చ వైరుగా మారిన తరువాతే రక్షణ మొదలవుతుంది. కాబట్టి స్విచ్ దగ్గర తెల్ల వైరు బాడీకి తగిలితే ఏ ఫ్యూజూ కాపాడదు, వైర్ల కట్ట మొత్తం కాలుతుంది. డాష్‌బోర్డు వెనక చేయి పెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ (బ్యాటరీని బాడీకి కలిపే తీగ) తీసేయాలి. కరెంటు ఉంచి చేయక తప్పని పరీక్షల సమయంలో ఉంగరం, చేతి గడియారం తీసి పక్కన పెట్టాలి. చేతికందే దూరంలో మంటలార్పే సిలిండర్ ఉండాలి. చాలా పాత బ్రిటిష్ కార్లలో పాజిటివ్ వైపు ఎర్త్ ఉంటుంది. ఏ వైపు బాడీకి కలిసి ఉందో ముందే కంటితో చూసుకోవాలి. యాభై ఏళ్లలో ఎన్ని చేతులు మారిందో తెలియని బండిలో వైర్ల రంగులను కూడా పూర్తిగా నమ్మకుండా, ప్రతి వైరునూ చివరి దాకా వెతికి నిర్ధారించుకోవాలి.

ముందుగా చేతితో, కంటితో

మీటరు తీయకముందే వేడి ఎక్కడ ఎక్కువగా ఉందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. బండిని ఇరవై నిమిషాలు అన్ని బరువులతో నడిపి, ఆపి, ఎర్త్ తీసి, వెంటనే స్విచ్ వెనక భాగాన్ని వేలి కొసతో తడిమి చూడాలి. ఒక టెర్మినల్ దగ్గర వేడి తీవ్రంగా ఉండి, వైరు వెంట దూరం పోయేకొద్దీ తగ్గిపోతుంటే, తప్పు ఆ టెర్మినల్‌లోనో, దానికి బిగించిన లగ్గులోనో ఉంది. టెర్మినళ్ల కన్నా స్విచ్ ఒళ్లు, తాళం గొట్టం ఎక్కువ వేడిగా ఉంటే లోపలి ముఖాలను అనుమానించాలి. వైరు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే తీరుగా వెచ్చగా ఉంటే కలయికల్లో తప్పేమీ లేదు. ఆ వైరు మోయగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు దానిలో పారుతున్నది.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉన్నవారు ఒక చిన్న మెళకువ పాటించాలి. మెరిసే ఇత్తడి మీద అది అసలు వేడి కన్నా చాలా తక్కువ చూపిస్తుంది. కొలవదలచిన చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీద కొలిస్తే నమ్మదగిన అంకె వస్తుంది.

ఆ తరువాత టార్చి వేసి చూడాలి. లగ్గు పక్కన ఇన్సులేషన్ గట్టిపడి, వంచితే పెళుసుగా విరుగుతున్నదా, రాగి తన రంగు పోగొట్టుకుని నల్లగానో ఊదాగానో మారిందా, టెర్మినల్ చుట్టూ బేకలైటు (గట్టి ప్లాస్టిక్) బొగ్గులా మాడిందా అన్నది గమనించాలి. నా బండిలో తెల్ల వైరు టెర్మినల్ మర కింద ఫ్యాక్టరీ లగ్గుతో పాటు మరో మూడు వైర్లు ఉన్నాయి. వాటిలో రెండింటికి లగ్గులే లేవు; తొక్క తీసిన పోగులను మెలిపెట్టి మర చుట్టూ తిప్పి బిగించారు. ఆ పోగుల్లో సగం తెగిపోయి, మిగిలినవి నల్లని జుట్టులా అట్టకట్టి ఉన్నాయి. మర తలను వేలితో కదిపితే పావు చుట్టు తిరిగింది. ఇరవై నిమిషాల పనిలో కొత్త స్విచ్ వచ్చింది గానీ, ఆ మెలిపెట్టిన పోగులు మాత్రం పాత చోటు నుంచి కొత్త చోటుకు యథాతథంగా వచ్చి చేరాయి.

ఓల్టేజి ఎక్కడ పోతున్నదో పట్టుకోవడం

అసలు పరీక్ష ఇది. చాలామంది తాళంచెవి తిప్పి, స్విచ్ బయటి టెర్మినల్‌కూ బాడీకీ మధ్య మీటరు పెట్టి, పన్నెండు ఓల్టులు కనబడగానే స్విచ్ బాగుందని తేల్చేస్తారు. బరువు లేకుండా కొలిస్తే ఎంత చెడిన కలయిక అయినా పన్నెండే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తీసుకునే కరెంటు లేశమాత్రం. తప్పు బయటపడాలంటే కరెంటు నిండుగా పారుతుండగా, అనుమానించిన చోటుకు ముందొక మీటరు ముల్లు (కొలిచే కొస), వెనకొక ముల్లు పెట్టి, ఆ మధ్యలో ఎంత ఓల్టేజి హరించుకుపోతున్నదో కొలవాలి.

దీనికి ఇంజిన్ ఆపి తాళంచెవి ఆన్‌లో ఉంచవలసి వస్తుంది కాబట్టి, ముందుగా కాయిల్‌ను కాపాడుకోవాలి. పాయింట్లు మూసుకున్న స్థితిలో ఇంజిన్ ఆగి ఉంటే కాయిల్ గుండా ఆగకుండా 4 ఆంపియర్లు పారి, కొద్ది నిమిషాల్లోనే అది కాలిపోయేంత వేడెక్కుతుంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, రెండు పాయింట్ల మధ్య శుభ్రమైన అట్టముక్క ఒకటి దూర్చితే ఆ దారి తెగిపోతుంది. పని అయ్యాక ఆ ముక్కను తీయడం మరచిపోకూడదు. బ్యాటరీ పూర్తిగా చార్జై ఉండాలి.

ఇప్పుడు తాళంచెవి తిప్పి, బ్లోయర్, ఫ్యాను, వైపరు, స్విచ్ గుండా నడిచేవన్నీ ఆన్ చేయాలి. మీటరును 2 ఓల్టుల డీసీ స్థానంలో పెట్టాలి. ఆ స్థానం లేకపోతే 20 ఓల్టులదైనా సరిపోతుంది. మొదటి కొలత బ్యాటరీలో ఎర్త్ కాని మొగకూ (ఎక్కువ బండ్లలో పాజిటివ్), స్విచ్‌కు కరెంటు తెచ్చే టెర్మినల్‌కూ మధ్య. అంకె ముందు మైనస్ గుర్తు వచ్చినా పట్టించుకోనక్కరలేదు, ముళ్లు అటు ఇటు అయ్యాయన్నదే దాని అర్థం. ఇక్కడ 0.2 ఓల్టుల దాకా సహించవచ్చు. అంతకు మించితే చార్జింగును అదుపు చేసే కంట్రోల్ బాక్సు టెర్మినళ్లు, బ్యాటరీ క్లాంపు, మధ్యలోని కనెక్టర్లు చూడాలి. రెండో కొలత స్విచ్ లోపలికి వచ్చే టెర్మినల్‌కూ, బయటికి పోయే టెర్మినల్‌కూ మధ్య. ముళ్లు వైర్లకు గాక టెర్మినల్ లోహానికే తగలాలి. మంచి స్విచ్‌లో ఇది 0.1 ఓల్టుకు మించదు. 0.2 అయితే అనుమానించాలి, 0.3 దాటితే లోపలి ముఖాలు చెడినట్టే.

మూడో కొలతను ఎవరూ చేయరు. నా అనుభవంలో దొంగ అక్కడే దొరికాడు. బయటికి పోయే టెర్మినల్ లోహం మీద ఒక ముల్లు పెట్టి, దానికి బిగించిన వైరులోని రాగి మీద రెండోది పెట్టాలి. లగ్గుకు అంగుళం దూరంలో ఇన్సులేషన్ గుండా సన్నని కుట్టుసూదిని రాగి తగిలేదాకా దించి, ఆ సూదికి మీటరు ముల్లు ఆనిస్తే సరిపోతుంది. తరువాత ఆ రంధ్రాన్ని టేపుతో మూయాలి. లగ్గు బాగుంటే మీటరు ఓల్టులో నూరో వంతులే చూపిస్తుంది.

నా బండిలో సుమారు 14 ఆంపియర్లు పారుతుండగా వచ్చిన అంకెలివి: బ్యాటరీ నుంచి స్విచ్ దాకా 0.25, స్విచ్ లోపల 0.4, స్విచ్ మర నుంచి వైరు రాగి దాకా 0.9. ఓల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. స్విచ్ లోపల పుట్టినది ఐదున్నర వాట్లకు కాస్త పైన, ఆ మెలిపెట్టిన పోగుల దగ్గర పుట్టినది పన్నెండున్నర. ఆ పన్నెండున్నర వాట్ల వేడి ఇత్తడి మర గుండా స్విచ్‌లోకీ, అక్కడి నుంచి తాళం గొట్టంలోకీ, చివరికి నా వేళ్లకూ చేరుతున్నది. మూడు వారాల కొత్త స్విచ్ అప్పటికే 0.4 చూపించిందంటే, దాని స్ప్రింగు ఆ వేడికి మెత్తబడడం మొదలైందన్నమాట.

కొలతలు తీస్తున్నప్పుడే తాళంచెవిని గాడిలో మెల్లగా పైకీ కిందకీ కదిపి చూడాలి. అంకె గెంతుతుంటే లోపలి ముఖాలు అరిగిపోయాయి. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, ఆఫీసు తాళాలు అన్నీ ఒకే గుత్తిగా కారు తాళంచెవికి వేలాడదీసే అలవాటు ఉన్నవారికి ఇది తప్పక ఎదురవుతుంది. గతుకుల్లో ఆ బరువు ఊగి ఊగి గొట్టాన్ని అరగదీస్తుంది.

కరెంటు ఎవరు తాగుతున్నారు

డీసీ క్లాంప్ మీటరు ఉంటే దానిని స్విచ్ బయటి వైర్లన్నింటి చుట్టూ వేసి, ఒక్కొక్క పరికరాన్నీ ఆన్ చేస్తూ అంకె ఎంత పెరుగుతున్నదో రాసుకోవాలి. అన్నీ కలిపి పది ఆంపియర్లు దాటితే స్విచ్ ఎంత కొత్తదైనా ఆ బరువును దాని మీద ఉంచకూడదన్నది నా అభిప్రాయం.

ఒక్కొక్క పరికరమూ తన వాటా కన్నా ఎక్కువ తీసుకుంటున్నదా అన్నదీ ఇక్కడే తేలుతుంది. బేరింగు ఎండిపోయిన బ్లోయర్ మోటారు, లింకేజీ బిగుసుకున్న వైపరు మామూలు కన్నా రెండింతలు తీసుకోవచ్చు. చేత్తో తిప్పితే బ్లోయర్ చక్రం తేలికగా తిరిగి కొంతసేపటికి ఆగాలి.

కాయిల్‌ను విడిగా పరీక్షించాలి. తెల్ల వైరు, పాయింట్ల వైరు రెండూ తీసేసి, రెండు చిన్న టెర్మినళ్ల మధ్య నిరోధం కొలిస్తే, నేరుగా 12 ఓల్టులతో నడిచే కాయిల్‌లో సుమారు 3 ఓంలు రావాలి. ఒకటిన్నర ఓం వచ్చిందంటే అది కరెంటును తగ్గించే బల్లాస్ట్ రెసిస్టరుతో కలిపి వాడవలసిన రకం. రెసిస్టరు లేకుండా దానిని బిగిస్తే 8 ఆంపియర్ల దాకా లాగి, స్విచ్‌నూ కాలుస్తుంది, పాయింట్లనూ తినేస్తుంది. చూడడానికి రెండు రకాలూ ఒకేలా ఉంటాయి కాబట్టి దుకాణంలో ఒకదాని బదులు ఇంకొకటి రావడం అసాధ్యమేమీ కాదు. మల్టీమీటర్ రెండు ముళ్లనూ కలిపినప్పుడు వచ్చే అంకెను ముందుగా రాసుకుని, దానిని తీసివేసి లెక్కించాలి. ఇంత చిన్న నిరోధాల దగ్గర ఆ తేడా లెక్కలోకి వస్తుంది.

సెల్ఫ్ కూడా తాళంచెవితోనే నడిచే బండి అయితే, స్టార్ట్ అయ్యాక తాళంచెవి తనంతట తాను వెనక్కి వస్తున్నదా చూడాలి. వెనక్కి తెచ్చే స్ప్రింగు బలహీనపడితే సెల్ఫ్ మోటారును కలిపే సాలినాయిడ్‌కు కరెంటు పోతూనే ఉండి, స్విచ్‌తో పాటు సెల్ఫ్ మోటారుకు కూడా ప్రమాదం వస్తుంది.

ఎర్త్ తీగలు శుభ్రం చేస్తే ఈ జబ్బు నయమవుతుందని కొందరు చెబుతారు. ఎర్త్ శుభ్రంగా ఉండడం మంచిదే గానీ, స్విచ్ వేడికీ దానికీ సంబంధం లేదు.

బాగుచేయడం

కాలిన లగ్గును తీసేసి, మెరిసే రాగి కనబడేదాకా వైరును వెనక్కి కోయాలి. అంగుళం కోసినా నల్లగానే ఉంటే మరో అంగుళం కోయాలి. వైరు పొట్టిదైపోతే అదే మందం గల కొత్త ముక్క కలపాలి. కొత్త లగ్గును కటింగ్ ప్లయర్‌తో అదిమి సరిపెట్టకుండా, క్రింపింగ్ కోసమే చేసిన పనిముట్టుతో నొక్కాలి. వేడెక్కే చోట సోల్డరు మీదే ఆధారపడకూడదు. మామూలు తగరం సీసం సోల్డరు 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. ఒక మర కింద రెండు లగ్గులకు మించి పెట్టవద్దు, మర కింద స్ప్రింగు వాషరు మరవవద్దు.

తరువాత బరువు దింపాలి. బ్లోయర్‌కు ఒకటి, ఫ్యానుకు ఒకటి చొప్పున రిలే పెట్టాలి. హెడ్‌లైట్లు చాలా లూకాస్ వైరింగ్‌లలో తాళంచెవి గుండా పోవు గానీ, మీ బండిలో ఎవరైనా అలా మార్చి ఉంటే వాటికి కూడా పెట్టాలి. ముఖ్యంగా 100 వాట్ల బల్బులు వేసుకున్నవారికి రెండు దీపాలకే పదహారు ఆంపియర్లకు పైగా అవుతుంది. రిలేలో 30 అంకె ఉన్న కాలికి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ గుండా నేరుగా కొత్త వైరు, 87కు పరికరం, 85కు ఎర్త్, 86కు ఇంతకుముందు పరికరానికి పోయే పాత వైరు కలపాలి. రిలే చుట్ట తీసుకునేది ఆంపియరులో ఐదో వంతు కన్నా తక్కువ కాబట్టి, ఇకపై తాళంచెవి గుండా పోయేది ఆ ఆజ్ఞ మాత్రమే. లోపల డయోడు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది) ఉన్న రిలే అయితే 85, 86 తారుమారు కాకూడదు. పాజిటివ్ ఎర్త్ బండిలో డయోడు లేని రకమే వాడాలి. బ్లోయర్ వంటి వాటికి 2.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు, 15 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజ్ సరిపోతాయి. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, లేకపోతే దానికి ముందున్న వైరుకు రక్షణ ఉండదు.

ఫ్యూజుల విషయంలో ఇంకొక పొరపాటు పాత కార్లలో తరచుగా జరుగుతుంది. లూకాస్ గాజు ఫ్యూజ్ మీద 35 అని ఉంటే అది కాలిపోయే కరెంటు. నిరంతరం మోయగలిగేది సుమారు 17 ఆంపియర్లే. ఇప్పుడు దొరికే మామూలు ఫ్యూజుల మీద రాసేది నిరంతరం మోసే కరెంటు. అంకె ఒకటే కదా అని ఇప్పటి 35 ఆంపియర్ల ఫ్యూజును అక్కడ పెడితే, అది కాలకముందే వైరు కాలుతుంది. ఇప్పటి ఫ్యూజ్ పెట్టదలచుకుంటే 15 లేదా 20 వేయాలి.

స్విచ్ లోపలి కొలత చెడుగా వస్తే మార్చడానికి తొందరపడేముందు దానిని విప్పి చూడడం మంచిది. వెనక రేకు చెవులను జాగ్రత్తగా వంచితే విడిపోయే రకాలున్నాయి. విప్పేటప్పుడు స్ప్రింగు, దాని కింది గుండు ఎగిరిపోకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి విప్పాలి. లోపలి ముఖాలను ఉప్పుకాగితంతో గీకితే వెండి పూత పోతుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ చల్లితే చాలు. గుంటలు పడినా, స్ప్రింగు నొక్కితే బలం లేకుండా ఉన్నా, బేకలైటు మాడినా ఇక దానిని వాడకూడదు.

నా పనిముట్ల పెట్టెలో మొదటి ఎలక్ట్రీషియన్ తీసేసిన పాత స్విచ్ ఉండిపోయింది. దానిని విప్పితే ముఖాల మీద సన్నటి చిలుము తప్ప గుంటలు లేవు, స్ప్రింగు గట్టిగా ఉంది. శుభ్రం చేసి, కొత్త లగ్గులు వేసి, మళ్లీ దాని చోట దానినే బిగించాను. రిలేలు పెట్టాక తాళంచెవి గుండా పారేది 5 ఆంపియర్ల లోపే. అదే పద్ధతిలో మళ్లీ కొలిస్తే స్విచ్ లోపల 0.06, లగ్గు దగ్గర 0.01 ఓల్టు వచ్చింది.

మరమ్మతు తరువాత ఈ కొలతలన్నీ మరొకసారి తీసి, తేదీతో సహా రాసి కారులోనే ఉంచుకోవాలి. ఇరవై నిమిషాలు అన్ని బరువులతో ఇంజిన్ నడిపి, నల్ల టేపు ముక్క మీద వేడి కొలవాలి. కారు లోపలి గాలి కన్నా పది డిగ్రీలకు మించి తేడా ఉంటే ఎక్కడో ఇంకా కలయిక సరిగా లేదని గ్రహించి, మూడో కొలత దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. కొత్త లగ్గులు వేడికీ అదురుకూ కొంత సర్దుకుంటాయి కాబట్టి నెల రోజులు తిరిగాక బ్యాటరీ ఎర్త్ తీసి, స్విచ్ వెనక మరలను ఒకసారి బిగించాలి. అప్పుడు పావు చుట్టు కన్నా ఎక్కువ తిరిగిన మర ఏదైనా ఉంటే, దాని వాషరు మార్చాలి.